వేగపు కారునకు కాముషాఫ్టు నెన్నుకొనుట

మన ప్రాంతమున మోటారు కారు నెరుగని బాలుడు లేడు. గద్వాలనుండి ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చి, బీచుపల్లి వంతెనమీద కృష్ణను దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరులోపల ఎన్ని కార్లు ఎదురైనవో లెక్కించుట మన విద్యార్థులకు వినోదము. వారిలో కొందరికి కారునందు కూర్చుండుటకంటె దాని లోపల నేమి జరుగుచున్నదో తెలిసికొనుటయందే యాసక్తి మెండు. వనపర్తి రాజప్రాసాదమునందు నెలకొనిన పాలిటెక్నిక్కులో చేరి యంత్రవిద్య నభ్యసింపగోరువారును మనలో గలరు. అట్టివారికి పాత కారొకటి చేజిక్కినచో మొదట పుట్టు ప్రశ్న, "దీనిని మరింత వేగముగా పరుగెత్తించుట యెట్లు?" అనునది. ఇందుకు మెకానిక్కులు చెప్పు సమాధానము, "కాము మార్చుము" అని.

ఆ మాటలో సత్యము లేకపోలేదు. అయితే అది సగము సత్యమే. ఏ కాము, ఏ ఇంజనునకు, ఏ బాటకు అను మూడు ప్రశ్నలకు ఉత్తరము తెలియక కాము మార్చినవాడు వేగమునకు మారుగా వ్యయమును సంపాదించుకొనును. కావున సాలిడ్ టాపెట్టు కాముషాఫ్టు ననగా నేమి, దినదినము వీధిలో నడచు వేగపు కారునకు దాని నెట్లు ఎన్నుకొనవలెను, ఎన్నుకొనిన పిమ్మట నెట్లు కాపాడవలెను అను సంగతులను ఇచట వివరించెదను.

కాముషాఫ్టు చేయు పని

పెట్రోలు ఇంజనులో పిస్టను నాలుగు నడకలు నడచినగాని యొక ఆవృత్తి పూర్తికాదు. మొదటి నడకలో క్రిందికి దిగి గాలిని పెట్రోలును పీల్చును. రెండవదానిలో పైకెక్కి వాటిని నొక్కును. మూడవదానిలో మంటచేత క్రిందికి త్రోయబడి బలము నిచ్చును. నాలుగవదానిలో పొగను వెలుపలికి నెట్టును. లోనికి వచ్చు దారికొక వాల్వు, వెలుపలికి పోవు దారికొక వాల్వు గలవు. వీనిని తగిన సమయమున తెరచి మూయునది కాముషాఫ్టు. ఇది ఇనుపకడ్డీ, దానిమీద కోడిగ్రుడ్డు ఆకారముగల ఉబ్బులుండును. ఈ ఉబ్బునే కాము అందురు. క్రాంకుషాఫ్టు రెండుమారులు తిరిగినప్పుడు కాముషాఫ్టు ఒక్కమారే తిరుగును.

కాము ఉబ్బు పైకి వచ్చినప్పుడు దానిమీదనున్న టాపెట్టును లేపును. టాపెట్టు పుష్‌రాడ్డును, పుష్‌రాడ్డు రాకరు నొక కొనను లేపును. రాకరు మన పొలములలోని ఏతమువంటిది. ఒక కొన లేచిన రెండవ కొన దిగును. ఆ దిగిన కొన వాల్వును నొక్కి తెరచును. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు వాల్వును మరల మూయును.

ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడి. కాముషాఫ్టు 3000 చుట్లు, అనగా సెకనునకు 50 చుట్లు తిరుగును. కావున ప్రతి వాల్వును సెకనునకు 50 మారులు తెరచుకొని మూసికొనవలెను. వాల్వు తెరచియుండు కాలము క్రాంకుషాఫ్టు కొలతలో 240 డిగ్రీలైనచో, ఆ కాలము సెకనులో నూటయేబదవ వంతు మాత్రమే! ఇంత స్వల్పకాలములో సిలిండరు నిండవలెనన్నచో కాము ఆకారము ఎంత జాగ్రత్తగా నిర్ణయింపవలెనో విద్యార్థులే గ్రహింతురుగాక.

సాలిడ్ టాపెట్టు, హైడ్రాలిక్ టాపెట్టు

టాపెట్టులు రెండు విధములు. హైడ్రాలిక్ టాపెట్టులో చిన్న పిస్టను, దాని క్రింద నూనె యుండును. ఆ నూనె తనంతట తానే సందును పూడ్చును గనుక చప్పుడుండదు, సరిచేయవలసిన పనియు నుండదు. 1930వ సంవత్సరమున అమెరికాలో కాడిలాక్ కంపెనీవారు తమ 16 సిలిండర్ల కారునందు ఇట్టి సాధనము నమర్చి, ఇంజనును నిశ్శబ్దముగా నడపి కీర్తి గాంచిరి.

సాలిడ్ టాపెట్టులో నూనె గది లేదు; అది కేవలము గట్టి ఇనుపముద్ద. లోహము వేడికి సాగును గనుక రాకరునకును వాల్వునకును నడుమ కొంచెము సందు విడువవలెను. ఆ సందువలననే టిక్కు టిక్కుమను చప్పుడు పుట్టును. మన దేశపు అంబాసిడరు కారులోని 1489 సి.సి. పెట్రోలు ఇంజనునకు ఇట్టి టాపెట్టులే యుండెను. పాత బుల్లెట్టు మోటారుసైకిలుకును గట్టి టాపెట్టులే. 2009 తరువాత కొన్ని సంవత్సరములు వచ్చిన బుల్లెట్లకు హైడ్రాలిక్ టాపెట్టు లమర్చిరి.

మరి వేగము గోరువారు చప్పుడుచేయు సాలిడ్ టాపెట్టునే యేల కోరుదురు? ఇంజను మిక్కిలి వేగముగా తిరుగునప్పుడు హైడ్రాలిక్ టాపెట్టులోని నూనె యొక్కొక్కప్పుడు అధికముగా నిండి, వాల్వును పూర్తిగా మూసికొననీయదు. ఇనుపముద్దకు ఆ చిక్కు లేదు. కాము చెప్పినదే వాల్వు చేయును. 1957వ సంవత్సరమున షెవ్రొలే కంపెనీవారు 283 ఘనపు టంగుళముల ఇంజనునుండి 283 అశ్వబలము తీసినప్పుడు, జోరా ఆర్కస్ డంటావ్ అను ఇంజనీరు పేర ప్రసిద్ధమైన సాలిడ్ టాపెట్టు కామునే వాడిరి.

ఇచట నొక హెచ్చరిక. హైడ్రాలిక్ కాముమీద సాలిడ్ టాపెట్టును, సాలిడ్ కాముమీద హైడ్రాలిక్ టాపెట్టును ఉంచరాదు. సాలిడ్ కాము మొదట సందు తీరువరకు మెల్లగా ఎక్కు వాలుతో చెక్కబడియుండును. ఆ వాలు లేనిచోట ఇనుపముద్ద నుంచినచో సమ్మెటపోటువలె దెబ్బ తగులును.

పెద్ద కాము మేలైన కామా?

కాములను అమ్మువారు రెండు అంకెలను ముందు చెప్పుదురు: వాల్వు ఎంత ఎత్తు లేచును, ఎన్ని డిగ్రీలు తెరచియుండును అని. అంకె పెద్దదైన కొలది బలము పెద్దదని యువకులు తలంతురు. ఈ భ్రమను తొలగించుటయే యీ వ్యాసము ముఖ్యోద్దేశము.

బడి ద్వారమును తలచుకొనుడి. గంట మ్రోగగానే పిల్లలు పరుగున వచ్చుచుందురు. వేళ దాటిన పిమ్మటను ద్వారమును కొంచెముసేపు తెరచియుంచినచో పరుగులోనున్న పిల్లలు మరికొందరు లోనికి వచ్చెదరు. అదే పిల్లలు మెల్లగా నడచివచ్చుచున్నప్పుడు ద్వారమును అట్లే తెరచియుంచినచో, లోపలివారు కొందరు వెలుపలికి పోయెదరు. సిలిండరులోని గాలియు నట్టిదే. ఇంజను వేగముగా తిరుగునప్పుడు, పిస్టను పైకెక్క నారంభించినను, గాలి తన వడిచేత లోనికి వచ్చుచునే యుండును. అప్పుడు ఆలస్యముగా మూయు కాము లాభకరము. మెల్లగా తిరుగునప్పుడు అదే కాము, వచ్చిన గాలిని మరల వెలుపలికి నెట్టివేయును. కావున పెద్ద కాము బలమును పుట్టించునని చెప్పుటకంటె, బలమును క్రింది వేగములనుండి తీసి పై వేగములకు మార్చునని చెప్పుట సరి.

ఇందుకు మన అంబాసిడరు ఇంజనే చక్కని దృష్టాంతము. ఆ ఇంజను ఇంగ్లండులో బి.ఎం.సి. వారి బి-సీరీస్ అను వంశమునకు చెందినది. 1955లో వెలువడిన ఎం.జి.ఏ. అను క్రీడాకారునందును అదే వంశపు 1489 సి.సి. ఇంజనునే అమర్చిరి. ఆ కారులో లోపలి వాల్వు పిస్టను పైకొన చేరుటకు 16 డిగ్రీల ముందు తెరచి, క్రిందికొన దాటిన 56 డిగ్రీలకు మూసికొనును. 16, 180, 56 కూడిన 252 డిగ్రీలగును. ఆ సంస్థవారిదే 948 సి.సి. మారిస్ మైనర్ అను ఇంటి కారునందు ఈ అంకెలు 5, 180, 45. మొత్తము 230 డిగ్రీలు. చూచితిరా! ఇంటి కారునకును, లోకము మెచ్చిన క్రీడాకారునకును నడుమ భేదము 22 డిగ్రీలు మాత్రమే. తక్కిన బలము రెండు కార్బురేటర్లనుండియు, పెద్ద ఇంజనునుండియు వచ్చినది. వీధిలో నడువవలసిన కారని ఎరిగి, ఆ ఇంజనీర్లు కాము విషయమున మితమును పాటించిరి.

బాటనుబట్టి కాము

ఇప్పుడు మన బాటలను చూతము. జాతీయ రహదారిమీద అంబాసిడరువంటి కారు పై గేరులో గంటకు 80 కి.మీ. పోవునప్పుడు ఇంజను నిమిషమునకు సుమారు 3000 చుట్లు తిరుగును. వనపర్తి బజారులో అంతకంటె చాల తక్కువ. నాగర్‌కర్నూలునుండి అచ్చంపేట, మన్ననూరు మీదుగా శ్రీశైలము పోవువారు అమ్రాబాదు అడవిలో మెల్లగానే పోవలెను; పిమ్మట ఘాట్ రోడ్డున నిండు బరువుతో, చిన్న గేరులో, మలుపు మలుపునకు ఇంజను నడిగి బలము తీసికొనవలెను. ఇచట కావలసినది 1500 చుట్లనుండి 4000 చుట్ల వరకు దొరకు బలము. 3500 చుట్ల మీదగాని మేలుకొనని పందెపు కామును అమర్చినవాడు, తాను డబ్బిచ్చి కొన్న బలమును నెలకొకమారైనను చూడడు. తనకు మునుపున్న బలమును మాత్రము దినదినము పోగొట్టుకొనును. మద్రాసు దగ్గర షోలవరము విమానపు మైదానమున పూర్వము జరిగిన పందెములలో ఫియట్ కార్లను పెద్ద కాములతో నడపిరన్నచో, అది వారికి తగును. ఆ మైదానమున ఎద్దుబండి ఎదురుపడదు, ఘాట్ మలుపు లేదు.

పెద్ద కామునకు మరికొన్ని దోషములు గలవు. రెండు వాల్వులును ఒకేమారు తెరచియుండు కాలము పెరుగుటచేత, నిలిచియున్నప్పుడు ఇంజను వణకును. కాలని పెట్రోలు పొగతో కలిసి పోవును. కాలుష్య పరీక్షను పెట్రోలు బండికి నిలిచియున్న వేగముననే చేయుదురు గనుక అందు తప్పు నవకాశము గలదు. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి. బ్రేకులకు సహాయముచేయు బూస్టరుగల కార్లలో ఆ బూస్టరు ఇంజను పీల్పుబలముమీద నాధారపడి యుండును. పెద్ద కాము ఆ పీల్పును తగ్గించును. అప్పుడు బ్రేకు పెడలు గట్టిపడును. వేగము పెంచి బ్రేకును తగ్గించుకొనుట వివేకము కాదు. మరియు 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. కావున ఏ మార్పు చేయుటకు ముందైనను రవాణా కార్యాలయమున విచారించుట మంచిది.

ఎన్నుకొనునప్పుడు చూడవలసినవి

మొదట, కారు బరువు, గేర్లు, నడచు బాట కాగితముమీద వ్రాసికొనుడి. ఇంజను ఎక్కువ సమయము ఏ వేగమున తిరుగునో లెక్కకట్టి, ఆ వేగముననే బలమిచ్చు కామును అడుగుడి. రెండు కాములమధ్య సందేహము కలిగినచో చిన్నదానినే తీసికొనుడి. చిన్నదానివలన విచారించినవారు తక్కువ; పెద్దదానివలన విచారించినవారు పెక్కుమంది.

రెండవది, అంకెలను సరిగా చదువుడి. సాలిడ్ కాము ఎత్తులో సందును తీసివేయవలెను. కాము టాపెట్టును 7 మి.మీ. లేపుననియు, రాకరు నిష్పత్తి 1.5 అనియు అనుకొనుడి. 10.5 మి.మీ. అగును. సందు 0.5 మి.మీ. అయినచో వాల్వు నిజముగా లేచునది 10 మి.మీ. మాత్రమే. డిగ్రీలును అట్లే కొన్ని తగ్గును. కావున హైడ్రాలిక్ కాము అంకెతో సాలిడ్ కాము అంకెను నేరుగా పోల్చరాదు. అమ్మువారు ఏ ఎత్తునుండి డిగ్రీలు కొలిచిరో అడుగవలెను, 0.050 అంగుళము టాపెట్టు లేచినప్పటినుండి కొలిచిన అంకెలైనచో ఒక కామును మరియొక కాముతో పోల్చుట సులభము.

మూడవది, ఇంజను క్రింది భాగము ఎంత ఓర్చునో తెలిసికొనుడి. పైని చెప్పిన 1489 సి.సి. ఇంజను క్రాంకుషాఫ్టునకు మూడే బేరింగులు. దానిని 7000 చుట్లు తిప్పు కామును అమర్చుట, ముసలి ఎద్దును పందెమునకు కట్టుట వంటిది.

నాలుగవది, కాము ఒంటరిగా పనిచేయదు. స్ప్రింగులు దానికి తగినవి కావలెను. వాల్వు పూర్తిగా తెరచినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తాకరాదు. వాల్వు పిస్టనును తాకకుండునా యని పరీక్షింపవలెను. పిస్టనుమీద మెత్తని బంకమట్టి యుంచి, హెడ్డు బిగించి, టాపెట్టు సందు సరిచేసి, ఇంజనును చేతితో రెండుమారులు త్రిప్పి విప్పిచూచినచో, మట్టిమీద పడిన గుర్తు మిగిలిన ఎడమును చెప్పును. ఈ పరీక్షకు ఒక పూట పట్టును. చేయనిచో ఇంజనే పోవచ్చును.

క్రొత్త కామును అమర్చిన మొదటి అరగంట

క్రొత్త కామునకు క్రొత్త టాపెట్టులే వేయవలెను. పాత టాపెట్టు పాత కాముతో అరిగి దానికి సరిపడినది, క్రొత్తదానిని కొరికివేయును. టాపెట్టు అడుగు చదునుగా కనబడినను మిక్కిలి స్వల్పముగా ఉబ్బియుండును. కాము పైభాగము స్వల్పముగా వాలియుండును. ఇందుచేత టాపెట్టు తన గూటిలో తాను మెల్లగా తిరుగుచు అంతటను సమముగా అరుగును. తిరుగని టాపెట్టు త్వరలో నశించును.

కామునకు నూనె చాలవరకు క్రాంకుషాఫ్టు చిమ్ముటచేతనే అందును. ఇంజను మెల్లగా తిరిగిన నూనె తక్కువ. కావున కాముమీద తగిన లేపనము పూసి, ఇంజను అంటుకొనగానే 2000 మొదలు 2500 చుట్ల వేగమున ఇరువది ముప్పది నిమిషములు నడుపవలెను. ఆ సమయమున మెల్లగా నడపి చప్పుడు వినుచు నిలువరాదు. జింకు, ఫాస్ఫరస్ చేర్చిన నూనెను వాడవలెను. నేటి కార్ల నూనెలలో పొగ శుద్ధిచేయు సాధనము చెడకుండుటకై ఈ ద్రవ్యములను తగ్గించిరి. అవి పాత తరహా టాపెట్టులకు చాలకపోవచ్చును.

నిశ్శబ్దమువలని అపాయము

ఇచట నేనెరిగిన యొక సంగతి చెప్పవలసియున్నది. 1990వ దశకమున మన ప్రాంతపు గ్రామమొకదానిలో ఒక కుటుంబమునకు పాత పెట్రోలు అంబాసిడరు జీవనాధారమై యుండెను. తండ్రి పెండ్లిండ్లకు, ఆసుపత్రికి దానిని కిరాయికి నడపెడివాడు. కుమారుడు పట్టణమున పని నేర్చుకొనివచ్చి, స్నేహితుల మాట విని, పెద్ద కాము నొకదానిని వేసెను. కారు టిక్కు టిక్కుమని మ్రోగుచుండెను. ఎక్కినవారు, "ఇదేమి చప్పుడు?" అని అడుగుచుండిరి. కుమారుడు సిగ్గుపడి, ఒక రాత్రి టాపెట్టులన్నిటిని బిగించి సందు లేకుండ చేసెను. కారు మౌనము వహించెను. అందరును మెచ్చిరి. మూడు వారములు గడచునంతలో బలము తగ్గి, ఒక సిలిండరు పనిచేయుట మానెను. హెడ్డు విప్పిచూడగా వెలుపలి వాల్వు అంచు కాలి, ఎలుక కొరికిన రొట్టెవలె నుండెను. అవి పెండ్లిండ్ల దినములు. ఆ మాసమంతయు కారు షెడ్డులోనే నిలిచెను. కిరాయి డబ్బు రాలేదు. తండ్రి కోపింపలేదు. "చప్పుడు నిన్నేమి చేసెనురా?" అని మాత్రము అడిగెనట.

కారణ మిది. వెలుపలి వాల్వు మంటలో మునిగియుండును. అది చల్లబడునది ముఖ్యముగా మూసికొని తన పీటను తాకియున్నప్పుడే. ఆ పీటద్వారా వేడి నీటిలోనికి పోవును. సందు లేనిచో వాల్వు పూర్తిగా మూసికొనదు, వేడి పోదు, సన్నని సందునుండి మంట దూసుకొనిపోయి అంచును కాల్చును. సందు ఎక్కువైనచో చప్పుడు వచ్చును, భాగములు కొంత అరుగును. అయినను అది మనకు ముందుగా తెలియును. సందు తక్కువైనచో ఏ చప్పుడును లేక నష్టము జరుగును. కావున సాలిడ్ టాపెట్టు మ్రోగుచున్నదని భయపడకుడి; మ్రోగవలసినది మ్రోగకుండుట చూచి భయపడుడి.

సందును సరిచేయుట

తయారీదారు చెప్పిన దూరమున కొకమారు ఫీలర్ గేజితో సందును చూడవలెను. క్రొత్త కామునకు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే మరల చూచుట మంచిది. అంకెను వేడిగా నున్నప్పుడు చెప్పిరా, చల్లగా నున్నప్పుడు చెప్పిరా యనునది తెలిసికొనవలెను. పాత కాము పుస్తకములోని అంకె క్రొత్త కామునకు చెల్లదు. కాముతో వచ్చిన కాగితముమీది అంకెనే పాటింపవలెను.

అంబాసిడరు తరహా నాలుగు సిలిండర్ల, ఎనిమిది వాల్వుల ఇంజనునకు ఒక సులభమైన సూత్రము గలదు. దానిని తొమ్మిది సూత్రమందురు. ముందునుండి వాల్వులకు 1 మొదలు 8 వరకు సంఖ్య లిడుడి. 8వ వాల్వు పూర్తిగా తెరచియున్నప్పుడు 1వ దానిని సరిచేయుడి. 6వది తెరచినప్పుడు 3వది. 4వది తెరచినప్పుడు 5వది. 7వది తెరచినప్పుడు 2వది. తరువాత ఇవే జతలు తలక్రిందులగును. ప్రతి జతను కూడినను తొమ్మిదియే వచ్చును. గణితము తరగతిగదిలోనే కాక కారు క్రిందను పనికివచ్చునని తండ్రులకు చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు తోచదు.

ముగింపు

ప్రియ విద్యార్థులారా! సాలిడ్ టాపెట్టు కాము నిజాయితీగల సేవకునివంటిది. నిర్ణీతకాలమున దాని యోగక్షేమము విచారించినచో చాలకాలము బలముగా పనిచేయును. విచారింపనిచో చెప్పకయే పోవును. ఫీలర్ గేజి పట్టుటకు ఓపికలేనివాడు హైడ్రాలిక్ టాపెట్టుగల కారునే ఉంచుకొనుట మేలు. అందు అవమాన మేమియు లేదు. ఓపికగలవాడు తన బాటను ముందు కొలిచి, దానికి తగిన మితమైన కామును ఎన్నుకొని, తగిన స్ప్రింగులు, తగిన నూనె, తగిన సందు నమర్చినచో, గద్వాలనుండి నాగర్‌కర్నూలు వరకును, ఘాట్ రోడ్డు చివరి మలుపు వరకును ఆ కారు చిన్నగా మ్రోగుచు, అడిగిన బలము నిచ్చుచు నడచును. తల్లిదండ్రులారా! మీ కుమారుడు ఆదివారము మధ్యాహ్నము కారు మూత తెరచి, సన్నని రేకు చేతబట్టుకొని, వ్రేళ్లమీద తొమ్మిది లెక్కించుచున్నచో వానిని కోప్పడకుడి. వాడు ఆ ఇంజను ఆయుస్సును కాపాడుచున్నాడు.